గని దారులే విహార దారులైన ఊరు

తిరుమలలో శిలాతోరణం చూడ్డానికి వెళ్ళినవాళ్ళకు అక్కడ ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. ఇలాంటి సహజ శిలాతోరణాలు ప్రపంచం మొత్తం మీద మూడే ఉన్నాయని, వాటిలో ఒకటి అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఉందని చెబుతారు. ఏళ్ళ తరబడి పత్రికల్లో కూడా ఈ మాట అచ్చవుతూనే ఉంది. వాళ్ళు చెప్పే యూటా తోరణం పేరు రెయిన్‌బో బ్రిడ్జి. అది గొప్పదే, సందేహం లేదు. కానీ అదే యూటాలో, దానికి ఈశాన్యంగా, మోయాబ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరు దాటి ఐదు మైళ్ళు వెళితే ఆర్చెస్ నేషనల్ పార్కు వస్తుంది. ఆ ఒక్క పార్కులోనే రెండు వేలకు పైగా శిలాతోరణాలను లెక్కగట్టారు. అదీ, ఖాళీ ఏదో ఒక వైపు కనీసం మూడడుగులు ఉన్నవాటినే లెక్కలోకి తీసుకుని!

మోయాబ్ జనాభా 2020 లెక్కల ప్రకారం 5,366. ఆ మరుసటి ఏడాది ఆర్చెస్ పార్కుకు వచ్చినవాళ్ళు 18 లక్షల పైచిలుకు. జీపుల్లో కొండలెక్కేవాళ్ళు, సైకిళ్ళు తొక్కేవాళ్ళు, తాళ్ళు కట్టుకుని రాతి స్తంభాలు ఎక్కేవాళ్ళు, కొలరాడో నదిలో రబ్బరు పడవలు వేసేవాళ్ళు, ఏమీ చెయ్యకుండా నిలబడి చూసేవాళ్ళు, అందరికీ మజిలీ ఆ ఊరే. రాళ్ళు కోట్ల ఏళ్ళుగా అక్కడే ఉన్నాయి. వాటిని చూడ్డానికి పనిగట్టుకుని జనం రావడం మాత్రం వందేళ్ళ నాటి మాట. ఈ వందేళ్ళలో మోయాబ్ పశువులు మేపింది, సినిమాలకు చోటిచ్చింది, అణుబాంబులకు యురేనియం తవ్విపెట్టింది, చితికిపోయింది, తేరుకుంది. ఇవాళ సందర్శకులు తిరిగే దారుల్లో చాలావాటిని మొదట వేసింది పశువుల కాపరులు, గనుల వేటగాళ్ళు. అక్కడి అందాన్ని గుర్తించి, అది అందరికీ దక్కాలని పట్టుబట్టినవాళ్ళు కూడా ఎక్కువగా ఆ ఊరివాళ్ళే. మోయాబ్ కథలో తెలుసుకోదగ్గది అదే.

ఉప్పు చేసిన పని

సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందట ఈ ప్రాంతంలో సముద్రం ఉండేది. అది మళ్ళీ మళ్ళీ నిండుతూ, మళ్ళీ మళ్ళీ ఎండుతూ పోవడంతో వేల అడుగుల మందాన ఉప్పు పేరుకుపోయింది. దాని మీద ఇసుక, ఒండ్రు పొరలు పొరలుగా పడి గట్టిపడి రాయి అయ్యాయి. ఉప్పు పైన అంత బరువు పడితే అది రాయిలా నిలబడదు. అరచేత్తో నొక్కిన పిండిలా పక్కలకు జరుగుతుంది, సందు దొరికిన చోట పైకి ఉబుకుతుంది. అలా ఉబికినప్పుడు పైనున్న ఇసుకరాయి వరసగా పగుళ్ళిచ్చింది. పగుళ్ళలోకి వాననీరు దిగి, చలికాలంలో గడ్డకట్టి, రాతిని కొంచెం కొంచెంగా విడదీసింది. చివరికి సన్నటి నిలువు గోడలు మిగిలాయి. ఆ గోడల్లో మెత్తటి భాగం రాలిపోయిన చోట కిటికీ పడింది. కిటికీ పెద్దదై తోరణమైంది. మోయాబ్ ఊరున్న లోయ కూడా అడుగున ఉప్పు కరిగి, నేల కుంగి ఏర్పడిందే.

ఆ లోయకు అడ్డంగా కొలరాడో నది పారుతుంది. పైనా కిందా నిట్టనిలువు లోయల్లో పరుగెత్తే ఆ నదిని దాటడానికి ఇక్కడ కాస్త వీలు దొరుకుతుంది. అందుకే శాంటాఫే నుంచి లాస్ ఏంజెలిస్ వెళ్ళే పాత స్పానిష్ బాట ఈ రేవు మీదుగా సాగింది. అంతకు ఎంతో ముందు నుంచీ ఇది ఆదివాసుల నేల. వాళ్ళు రాతి గోడల మీద చెక్కిన బొమ్మలు నది పక్క రోడ్డు మీద నుంచి కూడా ఇప్పటికీ కనిపిస్తాయి.

1855లో మోర్మన్ చర్చి 41 మందిని ఇక్కడికి పంపింది. వాళ్ళు కోట కట్టారు, పంటలు వేశారు. కానీ అది యూట్ తెగవారి సీమ. కొన్ని నెలలకే ఘర్షణ జరిగి వచ్చినవాళ్ళలో ముగ్గురు చనిపోయారు. మిగిలినవాళ్ళు కోట వదిలేసి వెళ్ళిపోయారు. రెండు దశాబ్దాల తర్వాత ఆ పాడుబడ్డ కోటలో కాపురం పెట్టినవాళ్ళలో విలియం గ్రాండ్‌స్టాఫ్ అనే నల్లజాతి పశువుల కాపరి ఒకరు. ఆయన పశువులను మేపిన లోయకు చాలా కాలం జాత్యహంకారపు పేరే ఉండేది. 2010ల చివరలో దాన్ని గ్రాండ్‌స్టాఫ్ లోయగా మార్చారు. నది ఒడ్డు నుంచి ఆ లోయలోకి నడిచి వెళితే చివర 243 అడుగుల పొడవున్న సహజ వంతెన ఒకటి కనిపిస్తుంది. ఇవాళ ఊరికి దగ్గర్లో జనం ఎక్కువగా నడిచే బాటల్లో అదొకటి.

1880లో పోస్టాఫీసు వచ్చినప్పుడు ఊరికి బైబిల్లోని మోయాబు దేశం పేరు పెట్టారు. బైబిల్లో మోయాబీయులకు మంచి పేరు లేదు కాబట్టి మార్చమని పదేళ్ళకు కొందరు అర్జీ పెట్టుకున్నారు. పేరు మారలేదు.

ఒక ఉత్తరం, ఒక పత్రిక, ఒక డాక్టరు

మొదట్లో వచ్చినవాళ్ళకు ఈ రాళ్ళు అందం కాదు, అడ్డంకి. ఇప్పుడు పార్కులోని తోరణాల్లో ఒకటైన డెలికేట్ ఆర్చ్‌కు నడిచి వెళ్ళే బాట మొదట్లో ఒక చిన్న దుంగల గుడిసె కనిపిస్తుంది. అంతర్యుద్ధంలో కాలికి గాయమై ఒహాయో నుంచి వచ్చిన జాన్ వెస్లీ వుల్ఫ్ 1898లో కొడుకుతో ఇక్కడ స్థిరపడ్డాడు. 1906లో కూతురు ఫ్లోరా కుటుంబంతో వచ్చింది. తండ్రి బతుకుతున్న తీరు చూసి నివ్వెరపోయి, చెక్క నేల ఉన్న ఇల్లు కట్టాల్సిందేనని పట్టుబట్టింది. ఇవాళ కనిపించేది అలా కట్టిన గుడిసే. నాలుగేళ్ళకే వాళ్ళు పశువులనూ భూమినీ అమ్ముకుని వెళ్ళిపోయారు. ఇంటి వెనక ఒకటిన్నర మైలు దూరంలో ఉన్న తోరణం వాళ్ళకు కూడు పెట్టలేదు.

అది కూడు పెట్టగలదని మొదట అనుకున్నవాళ్ళలో హంగరీలో పుట్టిన అలెగ్జాండర్ రింగ్‌హాఫర్ ఒకడు. ఖనిజాల కోసం సాల్ట్ వ్యాలీలో తిరుగుతూ 1922 శీతాకాలంలో ఆయన ఒక రాతి స్తంభాల గుంపును చూశాడు. దానికి డెవిల్స్ గార్డెన్ అని పేరు పెట్టి, జనం చూడదగ్గ చోటు దొరికిందని డెన్వర్ అండ్ రియో గ్రాండే వెస్టర్న్ రైల్వేకు కబురు పంపాడు. ఆ రోజుల్లో పశ్చిమ అమెరికాలో పర్యాటకాన్ని నడిపింది రైలు కంపెనీలే. 1923లో ఆ రైల్వే ప్రయాణికుల విభాగం అధికారి ఫ్రాంక్ వాడ్లీ, ఫొటోగ్రాఫర్ జార్జ్ బీమ్‌ను వెంటబెట్టుకుని వచ్చి చూశాడు. చూసి, దీన్ని జాతీయ స్మారకంగా కాపాడాలని నేషనల్ పార్క్ సర్వీసు అధిపతి స్టీఫెన్ మేథర్‌కు రాశాడు.

ఊళ్ళో ఇద్దరు ఈ పనిని భుజాన వేసుకున్నారు. ఒకరు 1896లో వచ్చిన డాక్టర్ జాన్ విలియమ్స్. గుర్రం మీద ఊళ్ళు తిరిగి వైద్యం చేసిన ఆయనకు ఆ రాళ్ళలో ప్రతి మలుపూ తెలుసు. రెండోవారు 1911లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, స్థానిక పత్రిక నడపడం మొదలుపెట్టిన లోరెన్ టేలర్. తోరణాల గురించి ఆయన తన పత్రికలో రాస్తూనే పోయాడు. అధ్యక్షుడు కూలిడ్జ్ హయాంలో ఇంటీరియర్ శాఖ మంత్రి హ్యూబర్ట్ వర్క్ ఈ ప్రతిపాదనను కదలనివ్వలేదు. ప్రభుత్వం మారాక, 1929 ఏప్రిల్ 12న హెర్బర్ట్ హూవర్ సంతకంతో ఆర్చెస్ జాతీయ స్మారకమైంది. విస్తీర్ణం రెండు ముక్కలుగా 4,520 ఎకరాలు. రింగ్‌హాఫర్ చూపించిన చోటు మాత్రం అందులో లేదు. ఆయన పెట్టిన పేరును వేరే చోటికి తగిలించారు. ఆయన చోటు 1938లో విస్తీర్ణం పెంచినప్పుడు చేరింది. అక్కడి టవర్ ఆర్చ్ అడుగున, దీన్ని 1922-23లో రింగ్‌హాఫర్ దంపతులు, కొడుకులు కనుగొన్నారని రాతిలో చెక్కిన అక్షరాలు ఇప్పటికీ ఉన్నాయి.

స్మారకమైతే అయింది గానీ రోడ్డు లేదు. మాన్యుమెంట్ వ్యాలీలో వర్తకం చేసే హ్యారీ గౌల్డింగ్ 1936లో, ఇసుకలో దిగబడకుండా గాలి తగ్గించిన వెడల్పు టైర్ల కారులో స్మారకంలోని విండోస్ అనే భాగం దాకా వెళ్ళగలిగినప్పుడు అది పెద్ద విశేషమే అయింది. తారు రోడ్డు 1958లో గానీ పడలేదు.

సినిమా కంపెనీలు, గైగర్ కౌంటర్లు

రెండో ప్రపంచయుద్ధం తర్వాత మోయాబ్‌కు రెండు రకాల కొత్తవాళ్ళు వచ్చారు. ముందు వచ్చింది సినిమావాళ్ళు. నది ఒడ్డున పశువుల క్షేత్రం ఉన్న జార్జ్ వైట్, దర్శకుడు జాన్ ఫోర్డ్‌ను ఇక్కడికి రప్పించాడు. వ్యాగన్ మాస్టర్, రియో గ్రాండే సినిమాలు ఇక్కడే తీశారు. రెండూ 1950లో విడుదలయ్యాయి. షూటింగులకు గుర్రాలు, మనుషులు, భోజనాలు సమకూర్చడానికి 1949లో వైట్ ఒక కమిటీ పెట్టాడు. ఎడతెగకుండా నడుస్తున్న ఫిల్మ్ కమిషన్లలో ప్రపంచంలో అదే పాతదని చెబుతారు. ఇండియానా జోన్స్ మూడో సినిమా మొదటి దృశ్యాలు, 1991 నాటి థెల్మా అండ్ లూయీస్‌లో కారు లోయలోకి దూకే చివరి దృశ్యం ఈ చుట్టుపక్కల తీసినవే.

రెండో కొత్తవాడు చార్లీ స్టీన్. టెక్సస్‌లో పుట్టి, భూగర్భశాస్త్రం చదివి, ఉద్యోగాలు పోగొట్టుకుని, భార్యా నలుగురు కొడుకులతో ఇక్కడికి చేరాడు. అమెరికా అణుశక్తి కమిషన్ యురేనియం కనిపెట్టినవాళ్ళకు బహుమతులు, కచ్చితమైన కొనుగోలు ధర ప్రకటించిన కాలం అది. ఎడారంతా రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్లు పట్టుకున్నవాళ్ళే. స్టీన్ దగ్గర ఆ పరికరం కొనే డబ్బు కూడా లేదు. పాత డ్రిల్లింగ్ యంత్రం, తనదైన ఒక సిద్ధాంతం మాత్రం ఉన్నాయి. మోయాబ్‌కు ఆగ్నేయంగా ఉన్న లిస్బన్ వ్యాలీలో లోతుకు తవ్వితే ఖనిజం తగులుతుందని నమ్మాడు. ప్రభుత్వ నిపుణులు లేదన్న చోటు అది.

1952 జులై 6న 197 అడుగుల లోతులో డ్రిల్లు విరిగిపోయింది. బయటికి తీసిన రాతి ముక్కల్లో నల్లగా ఏదో కనిపించింది. అందరూ వెతుకుతున్నది పసుపుపచ్చ ఖనిజం కాబట్టి స్టీన్‌కు అదేమిటో అర్థం కాలేదు. ముక్కలు జీపులో వేసుకుని ఇంటికి వెళుతూ సిస్కో అనే చిన్న ఊళ్ళో పెట్రోలు బంకు దగ్గర ఆగాడు. బంకు నడిపే స్నేహితుడు తన రాళ్ళను గైగర్ కౌంటర్‌తో చూసుకుంటున్నాడు. స్టీన్ తన నల్ల ముక్కల మీద కూడా పెట్టి చూడమన్నాడు. ముల్లు చివరంటా వెళ్ళి ఆగిపోయింది. అది అమెరికాలో అప్పటికి దొరికిన పెద్ద యురేనియం నిక్షేపాల్లో ఒకటి. గనికి స్టీన్ మీ వీదా అని పేరు పెట్టాడు.

1950లో 1,274 మంది ఉన్న మోయాబ్‌లో 1960 నాటికి 4,682 మంది ఉన్నారు. ఇళ్ళు చాలక జనం గుడారాల్లో, ట్రెయిలర్లలో కాపురాలు పెట్టారు. 1956లో ఊరి అంచున, నది పక్కనే, దేశంలో పెద్దవాటిలో ఒకటైన యురేనియం మిల్లు నడవడం మొదలైంది. స్టీన్ కొండ మీద బంగళా కట్టుకున్నాడు. ఊరంతటికీ విందులిచ్చాడు. 1960ల చివరికి అప్పుల్లో కూరుకుపోయి దివాలా తీశాడు. గాలి సరిగ్గా ఆడని గనుల్లో రేడాన్ వాయువు పీల్చిన కార్మికుల్లో ఎంతోమంది, వాళ్ళలో నవాహో తెగవారు చాలామంది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయారు. వాళ్ళ కుటుంబాలకు పరిహారమిచ్చే చట్టం 1990లో గానీ రాలేదు.

యురేనియం వేట వదిలివెళ్ళినది ఇంకొకటుంది. అది దారులు. ఖనిజం లారీలు తిరగడానికి కొండచరియల మీద బుల్‌డోజర్లతో రోడ్లు గీశారు. షాఫర్ కుటుంబం పశువులను దించడానికి వాడిన సన్నటి బాటను లారీలు దిగేంత వెడల్పు చేశారు. పైన పీఠభూమి అంచు నుంచి పాములా మెలికలు తిరిగి కిందికి దిగే ఆ షాఫర్ రోడ్డు ఇప్పుడు ఎన్నో ఫొటోల్లో కనిపిస్తుంది. దానికి కలిసే వంద మైళ్ళ వైట్ రిమ్ రోడ్డు కూడా అలా వేసినదే. దాని పొడవునా చెప్పుకోదగ్గ యురేనియం దొరకలేదు. ఇవాళ ఆ రోడ్డు మీద రాత్రి బస చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

డ్యామా, పార్కా?

ఆ దారుల్లోనే 1949లో ఆర్చెస్ సూపరింటెండెంటుగా వచ్చిన బేట్స్ విల్సన్ జీపు తిప్పాడు. కొలరాడో, గ్రీన్ నదులు కలిసే చోటు చుట్టూ ఉన్న లోయల చిక్కుముడి ఆయనకు ఇంటి పెరడంత తెలిసిపోయింది. దాన్ని జాతీయ పార్కు చేయించాలని పట్టుబట్టాడు. పెద్దవాళ్ళు ఎవరు వచ్చినా జీపెక్కించి ఎడారిలోకి తీసుకెళ్ళడం, రాత్రి నిప్పుల మీద ఇనుప కుండలో స్వయంగా వంట చేసి పెట్టడం, పార్కు మాట ఎత్తడం, ఇదీ ఆయన పద్ధతి.

1961లో నీటి ప్రాజెక్టుల అధిపతి ఫ్లాయిడ్ డామినీ, ఇంటీరియర్ మంత్రి స్టూవర్ట్ యుడాల్‌ను విమానంలో ఆ సంగమం మీదుగా తీసుకెళ్ళి, ఇక్కడ డ్యామ్ కడితే బాగుంటుందని చూపించాడు. యుడాల్‌కు కిటికీలోంచి కనిపించింది పార్కు. ఆ వేసవిలోనే ఆయన పెద్ద బృందంతో వచ్చి విల్సన్ వెంట ఆ లోయల్లో తిరిగాడు. యూటా సెనేటర్ ఫ్రాంక్ మాస్ బిల్లు పెట్టాడు. గనులకూ పశువుల మేతకూ తలుపులు మూసుకుపోతాయని గవర్నర్ జార్జ్ క్లైడ్, మరో సెనేటర్ వాలెస్ బెనెట్ వ్యతిరేకించారు. మూడేళ్ళ పెనుగులాట తర్వాత, 1964 సెప్టెంబర్ 12న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో 2,57,640 ఎకరాల కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు ఏర్పడింది. అక్కడ డ్యామ్ కట్టి ఉంటే ఆ లోయలు నీళ్ళ అడుగున ఉండేవి. 1971లో ఆర్చెస్ కూడా స్మారకం హోదా నుంచి నేషనల్ పార్కు హోదాకు పెరిగింది.

అంతకు ముందు ఆర్చెస్‌లో రేంజరుగా పనిచేసిన ఎడ్వర్డ్ ఆబీ 1956, 57 సీజన్లలో ఒక ట్రెయిలర్లో ఒంటరిగా గడిపాడు. ఆ అనుభవంతో 1968లో డెజర్ట్ సాలిటైర్ పుస్తకం వేశాడు. పార్కుల్లోకి కార్లు, తారు రోడ్లు రాకూడదని వాదించిన పుస్తకం అది. దాన్ని చదివి ఎంతోమంది ఆ ఎడారిని వెతుక్కుంటూ వచ్చారు.

మూతపడ్డ మిల్లు, తెరుచుకున్న సైకిల్ షాపు

ఇక్కడ విహారమంటే మొదట జీపే. యుద్ధం తర్వాత చవగ్గా దొరికిన మిలిటరీ జీపులు గనుల కోసం వచ్చి, సెలవు రోజుల్లో సరదాకు పనికొచ్చాయి. 1967లో ఊరి వాణిజ్య మండలి ఒక జీప్ సఫారీ ఏర్పాటు చేసింది. ఈస్టర్ వేళల్లో జరిగే ఆ సఫారీ ఇప్పుడు తొమ్మిది రోజుల ఉత్సవం. రాతి స్తంభాలు ఎక్కేవాళ్ళు కూడా ఆ రోజుల్లోనే వచ్చారు. లేటన్ కోర్, హంట్లీ ఇంగల్స్ 1961లో క్యాసిల్టన్ టవర్ శిఖరం చేరారు. అంతకు ముందు దాన్ని ఎవరూ ఎక్కలేదు.

1969లో ఊరి పైనున్న ఇసుకరాతి గుట్టల మీద మోటార్‌సైకిళ్ళ కోసం ఒక బాట గుర్తించారు. పేరు స్లిక్‌రాక్. గుర్రాల ఇనుప లాడాలు జారిపోయే రాయి కాబట్టి పాతకాలంవాళ్ళు పెట్టిన పేరు. మట్టి దారి లేదు. నున్నటి రాతి మీద తెల్ల రంగుతో వేసిన గీతలే దారి. రబ్బరు టైరు మాత్రం ఆ రాతిని గట్టిగా పట్టుకుంటుంది. నిలువుగా కనిపించే గుట్టను కూడా ఎక్కిస్తుంది. ఆ సంగతి మోటార్‌సైకిళ్ళ వాళ్ళకు తెలుసు. సైకిళ్ళ వాళ్ళకు తెలియడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

ఈలోపు ఊరు కూలిపోయింది. ప్రభుత్వం యురేనియం కొనడం తగ్గించింది. 1979లో త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదం తర్వాత అణువిద్యుత్తు మీద మోజు తగ్గింది. 1984లో మిల్లు మూతపడింది. 1980లో 8,241 మంది ఉన్న గ్రాండ్ కౌంటీలో పదేళ్ళకు 6,620 మంది మిగిలారు. ఇళ్ళ ముందు అమ్మకానికి బోర్డులు వెలిశాయి.

సరిగ్గా ఆ చెడ్డ రోజుల్లోనే, 1983లో, గ్రాఫ్ సోదరులు మోయాబ్‌లో రిమ్ సైక్లరీ అనే సైకిల్ షాపు తెరిచారు. కాలిఫోర్నియాలో అప్పుడే పుట్టిన లావు టైర్ల మౌంటెన్ బైకు స్లిక్‌రాక్ రాతికి అతికినట్టు సరిపోయింది. సైకిల్ పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. పదిన్నర మైళ్ళ ఆ చుట్టు బాట కొద్ది ఏళ్ళలోనే ప్రపంచంలో సైకిల్ తొక్కేవాళ్ళందరికీ తెలిసిన పేరైంది. గనుల కోసం, పశువుల కోసం వేసిన మిగతా దారులు కూడా ఒక్కొక్కటే సైకిలు బాటలయ్యాయి. రోజూ జీతమిచ్చిన మిల్లు పోయి మోటళ్ళు, హోటళ్ళు, పడవల కంపెనీలు, గైడ్ల ఉద్యోగాలు వచ్చాయి.

పాత బాకీలు, కొత్త భారాలు

మిల్లు పోయినా దాని చెత్త పోలేదు. యురేనియం తీయగా మిగిలిన 1.6 కోట్ల టన్నుల వ్యర్థం, 130 ఎకరాల గుట్టగా, కొలరాడో నది ఒడ్డునే ఉండిపోయింది. దిగువన కోట్ల మంది తాగే నీరు అది. మిల్లు కంపెనీ 1998లో దివాలా తీసింది. బాధ్యత ప్రభుత్వం మీద, అంటే పన్నులు కట్టేవాళ్ళ మీద, పడింది. 2009 నుంచి ఆ వ్యర్థాన్ని రైళ్ళకెత్తి 30 మైళ్ళ ఉత్తరాన క్రెసెంట్ జంక్షన్ దగ్గర తవ్విన గోతిలోకి తరలిస్తూ వచ్చారు. మొదటి కోటి టన్నులు తరలించడానికే పదేళ్ళకు పైగా పట్టింది. ఆ రైళ్ళు నడిచిన పట్టాలు 1960ల్లో పొటాష్ గని కోసం వేసినవి. 1963 ఆగస్టులో పేలుడు జరిగి 18 మంది కార్మికులు చనిపోయిన గని అది. తుమ్మలపల్లె యురేనియం వ్యర్థాల చెరువు (టెయిలింగ్స్ పాండ్) గురించి రైతులు చెప్పింది విన్నవాళ్ళకు, నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ 2019లో తెలంగాణ శాసనసభ చేసిన తీర్మానం గుర్తున్నవాళ్ళకు ఈ లెక్కలు పట్టించుకోదగ్గవి. మిల్లు నడిచింది 28 ఏళ్ళు. దాని శుభ్రత ఇంకో తరాన్ని తినేసింది.

విహారం కూడా ఉచితంగా రాలేదు. 1990ల మొదట్లో వసంతకాలపు సెలవులకు స్లిక్‌రాక్ ఉన్న శాండ్ ఫ్లాట్స్ మీదికి వేలమంది వచ్చి పడి చెట్లు నరికి మంటలు వేసేవారు. కౌంటీ, కేంద్ర భూముల శాఖ కలిసి రుసుము పెట్టి, స్థలాలు కేటాయించి దాన్ని దారిలో పెట్టాయి. 2006లో డీన్ పాటర్ అనే పేరున్న క్లైంబర్ డెలికేట్ ఆర్చ్‌ను ఎక్కడంతో దుమారం రేగి, పేరున్న తోరణాలు ఎక్కడాన్ని పార్కు నిషేధించింది. 2015 మే నెలాఖరు సెలవులకు కార్ల వరస హైవే దాకా పాకితే పోలీసులు పార్కు ద్వారం దగ్గర రాకపోకలు ఆపాల్సి వచ్చింది. 2022లో వేళ ముందే బుక్ చేసుకుంటేనే ప్రవేశమనే పద్ధతిని ప్రయోగాత్మకంగా పెట్టారు. ఊళ్ళో ఇళ్ళ ధరలు పెరిగి, హోటళ్ళలో పనిచేసేవాళ్ళకు అద్దె ఇల్లు దొరకడం గగనమైంది. ఒకప్పుడు యురేనియం మీదే ఆధారపడిన ఊరు ఇప్పుడు సందర్శకుల మీద అంతే ఆధారపడుతోంది. ఈ ఆధారం ఎంతవరకు మంచిదన్నది ఆ ఊరి పాలకులు తేల్చుకోవాల్సిన పెద్ద ప్రశ్న.

తోరణాలు కూడా శాశ్వతం కావు. 1991 సెప్టెంబర్ 1న, 306 అడుగుల పొడవున్న ల్యాండ్‌స్కేప్ ఆర్చ్ నుంచి 60 అడుగుల రాతి పలక ఊడిపడింది. కింద కూర్చున్నవాళ్ళు పటపట చప్పుడు విని పరుగెత్తి బతికారు. ఆ తర్వాత తోరణం కిందికి వెళ్ళే బాట మూసేశారు. 2008 ఆగస్టులో వాల్ ఆర్చ్ ఒక రాత్రి మొత్తానికే కూలిపోయింది. 1950ల్లో డెలికేట్ ఆర్చ్ అరిగిపోకుండా ప్లాస్టిక్ పూత పూయాలని కూడా ఆలోచించారు. అది కుదిరే పని కాదని, పార్కు ధర్మానికి విరుద్ధమని మానుకున్నారు. మంచి పని చేశారు. రాలేది రాలుతుంది. మనుషులు రాల్చకుండా చూసుకోవడమే పార్కు పని.

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు, చూడ్డానికి వెళ్ళిన అమ్మానాన్నలతో సహా, సెలవుల్లో యూటా పార్కులు చుట్టిరావడం ఇప్పుడు మామూలైంది. వెళ్ళండి, తప్పకుండా చూడండి. బాట మీదో, రాతి మీదో, వాగు ఇసుకలోనో మాత్రమే నడవండి. అక్కడ నేల మీద నల్లగా, గరుకుగా, పొక్కుల్లా కనిపించేది మురికి కాదు. సైనోబాక్టీరియా, లైకెన్లు, నాచు కలిసి అల్లిన సజీవమైన పొర. ఎడారి ఇసుకను గాలికి పోకుండా పట్టి ఉంచేది అదే. ఒక్క అడుగు పడితే మళ్ళీ కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. ఫొటో కోసం పిల్లల్ని దాని మీదికి దింపకండి. రాతి మీద పేర్లు గీయకండి. వేసవిలో ఒక్కొక్కరికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు పట్టుకెళ్ళండి. తిరిగి వచ్చేటప్పుడు ఊళ్ళో సెంటర్ స్ట్రీట్‌లో ఉన్న మోయాబ్ మ్యూజియానికి ఒక గంట కేటాయించండి. మీరు కారులో తిరిగొచ్చిన దారులు ఎవరు, ఎందుకు వేశారో అక్కడ కనిపిస్తుంది.